అర్ధరాత్రి దిగినవాళ్లను తెల్లారేదాకా కూర్చోబెట్టకండి: బెంగళూరు రవాణా పెద్దలకు ఒక పీజీ యజమానురాలి బహిరంగ లేఖ

కర్ణాటక రవాణా శాఖ వారికి, ఊళ్లో సిటీ బస్సులు నడిపే బీఎంటీసీ వారికి, దేవనహళ్లిలోని బెంగళూరు విమానాశ్రయం నడిపేవారికి, బెంగళూరు ట్రాఫిక్ పోలీసు అధికారులకు నమస్కారం.

మీలో ఏ ఒక్కరికి రాసినా, అది పక్క ఆఫీసు పని అంటారని నలుగురికీ కలిపి ఒకే ఉత్తరం రాస్తున్నాను. కన్నడ ప్రతి విడిగా మీ ఆఫీసులకు పంపుతున్నాను. తెలుగులో కూడా ఎందుకంటే, ఇందులో నేను చెప్పబోయే మనుషులు ఎక్కువమంది తెలుగువాళ్లే. తమ గురించి ఏం రాశానో వాళ్లూ చదవాలి కదా.

అడిగేది ముందే చెప్పేస్తాను. రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా విమానం దిగినవాళ్ల ప్రయాణం బస్టాపులో అయిపోయిందని లెక్క రాసుకోకండి. ఇంటి గేటు దగ్గర అయిపోయిందని రాసుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి సిటీకి బస్సు ఉంది, కాదనను. సిటీలో ఎక్కడ దించుతుంది, దిగాక ఏమవుతుంది అన్నదే నా గొడవ.

నేను మారతహళ్లి దగ్గర మున్నేకొళాలలో ఆడపిల్లల పీజీ, అంటే పేయింగ్ గెస్టు హాస్టల్, నడుపుతాను. ఉండేది గుంటూరు, నెల్లూరు, విశాఖ, అనంతపురం వైపు నుంచి వచ్చిన పిల్లలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. నా పుట్టినూరు రాయచోటి పక్కన. మా వైపు కువైట్‌లో ఒక్క మనిషైనా లేని ఇల్లు వెతికితే గానీ దొరకదు. కాబట్టి నా ఫోనుకు రెండు రకాల అర్ధరాత్రి కాల్స్ వస్తాయి. ఒకటి, "ఆంటీ, ఫ్లైట్ లేటు, గేటు తీస్తారా?" రెండోది, "అక్కా, బెంగుళూరులో దిగినా, ఈడ్నించి ఎట్ల రావల్ల?" రెండింటికీ నా దగ్గర చాలా ఏళ్లుగా ఒకటే జవాబు: తెల్లారేదాకా ఆడే కూర్చో. ఇంత పెద్ద ఊళ్లో ఇంతకంటే మంచి జవాబు ఉండాలి.

పాతకాలంలో ఈ బాధ లేదు. 2008 మే దాకా విమానాలు దిగింది మాకు కూతవేటు దూరంలో, హెచ్‌ఏఎల్ విమానాశ్రయంలో. ఆ రోడ్డును ఇప్పటికీ ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డనే అంటాం. అప్పట్లో రాత్రి ఏ వేళ దిగినా ఆటోవాడితో రెండు మాటలు బేరమాడి ఇంటికి వచ్చేవాళ్లు. ఆ ఏడాది మే 24న అంతా దేవనహళ్లికి మారింది. ఊరి నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్ బస్టాండు నుంచి సుమారు 35 కిలోమీటర్లు, మా వైపు నుంచి ఇంకొంచెం ఎక్కువ. 2004లో రాసుకున్న ఒప్పందం ప్రకారం, 150 కిలోమీటర్ల లోపల ఇంకో అంతర్జాతీయ విమానాశ్రయం, ఇది తెరిచిన రోజు నుంచి పాతికేళ్ల దాకా రాకూడదు, మైసూరు, హాసన్ తప్ప. అంటే 2033 దాకా ఈ దూరం తగ్గే దారి లేదు. దూరం తగ్గనప్పుడు దారినైనా సరిచెయ్యాలి కదా అని నా వాదన.

విమానాలు అర్ధరాత్రే ఎందుకు వస్తాయని మొదట్లో నాకూ విసుగే. మా పీజీలో ఉండి ఆఫీసు పని మీద జర్మనీ వెళ్లొచ్చే అమ్మాయి చెబితే అర్థమైంది. అక్కడ మధ్యాహ్నం బయల్దేరిన విమానం ఇక్కడికి అర్ధరాత్రి చేరుతుంది. దాన్ని ఒకటి రెండు గంటల్లో కడిగి, తుడిచి, మళ్లీ పంపిస్తే అక్కడ పొద్దున దిగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా షెడ్యూలు విమానాలు దిగనివ్వరట, అక్కడి జనం నిద్ర కోసం. వాళ్ల నిద్ర చల్లగా ఉండాలి, మంచిదే, ఆ నిద్రకు కాపలా మాత్రం మనం కాస్తున్నాం. గల్ఫ్ విమానాలదీ ఇంచుమించు ఇదే కథ. అక్కడ రాత్రి పని ముగించుకుని ఎక్కితే ఇక్కడ తెల్లవారుజామున మూడు, నాలుగు. ఇక హైదరాబాద్, విశాఖ, విజయవాడ నుంచి వచ్చే ఆఖరి విమానాలు పదిన్నర, పదకొండుకు రావాల్సినవి. ఎక్కడో వాన పడితే అవీ అర్ధరాత్రి దాటిస్తాయి.

2024-25లో ఈ విమానాశ్రయంలో 4 కోట్ల 18 లక్షల మంది ఎక్కారు, దిగారు. అందులో రాత్రి దిగినవాళ్లు ఎంతమందో మీ దగ్గరే లెక్క ఉంటుంది. ఇంకో సంగతి కూడా మీకు నాకంటే బాగా తెలుసు. విమానాల టైమ్‌టేబుల్ ఏడాదికి రెండుసార్లే మారుతుంది: మార్చి ఆఖరి ఆదివారం వేసవి పట్టిక, అక్టోబరు ఆఖరి ఆదివారం చలికాలం పట్టిక. ఏ రాత్రి ఏ గంటకు ఎన్ని విమానాలు దిగుతాయో నెలల ముందే కాగితం మీద ఉంటుంది. పెళ్లివారు ఏ బండికి వస్తున్నారో ముందే తెలిసి కూడా స్టేషనుకు ఎవరూ వెళ్లకపోతే ఎలా ఉంటుందో, ఈ ఊరి రాత్రి పద్ధతి అలా ఉంది.

ముందు బస్సు సంగతి. బీఎంటీసీ ఎయిర్‌పోర్టుకు నడిపే వాయు వజ్ర బస్సులంటే నాకు గౌరవం. ఏసీ, లగేజికి చోటు, రాత్రీ పగలూ తిరుగుతాయి. మెజెస్టిక్‌కు కేఐఏ-9, ఎలక్ట్రానిక్ సిటీకి కేఐఏ-8, కాడుగోడికి కేఐఏ-6, ఇలా. క్యాబ్‌కు అయ్యే ఖర్చులో మూడో వంతుతో వచ్చేస్తుంది. శక్తి పథకం కింద ఆడవాళ్లకు 2023 జూన్ నుంచి మామూలు బస్సుల్లో ఉచితం, ఈ బస్సులకు అది లేదు. ఉన్నా మా పిల్లల ఆధార్ కార్డులు ఆంధ్రావి, వాళ్లకు ఎలాగూ వర్తించదు, ఆ సంగతి వేరే. డబ్బు పెట్టి టికెట్ కొంటారు, దానికి ఎవరూ ఏడవడం లేదు.

రాత్రిపూట బస్సుకూ బస్సుకూ మధ్య ఎడం పెరుగుతుంది. అదీ అర్థం చేసుకోగలను, ఖాళీ సీట్లకు డీజిల్ ఎవరు పోస్తారు? కానీ ఆ ఎడం ఎక్కడ పెట్టాలన్నది విమానాలను చూసి నిర్ణయించాలి. విదేశాల నుంచి దిగినవాడు ఇమిగ్రేషను దాటి, బెల్టు మీద పెట్టె దొరికించుకుని, కస్టమ్స్ దాటి బయటికి రావడానికి గంట, గంటంపావు పడుతుంది. దేశంలోపలి విమానమైతే అరగంట. నాలుగైదు విమానాలు వరసగా దిగిన గంటంపావుకు బస్సు బయల్దేరితే సీట్లు నిండుతాయి. పది నిమిషాల ముందు బయల్దేరితే ఖాళీగా వెళ్తుంది. అప్పుడు మీ లెక్కల పుస్తకంలో "రాత్రి బస్సుకు ఆదరణ లేదు" అని పడుతుంది. అదే కారణం చూపించి ఇంకో బస్సు తీసేస్తారు. నేను వ్యాపారం చేసే మనిషిని. పొద్దున ఎనిమిదికి పిల్లలు ఆఫీసుకు పోతారని తెలిసి పదింటికి ఇడ్లీ దించి, ఈ పిల్లలు ఇడ్లీ తినరు అంటే కుదురుతుందా?

ఆ రాత్రి బస్సుల పట్టికను కూడా బయట బస్సు నిలబడే చోట కాదు, సామాను బెల్టు పక్కన పెట్టండి. పెట్టె కోసం ఎదురుచూసే ఇరవై నిమిషాలూ మనిషికి వేరే పని ఉండదు, అప్పుడే చదువుతాడు. తలుపు దాటి బయటికి వచ్చాడంటే "సార్ ట్యాక్సీ, మేడమ్ ట్యాక్సీ" అనేవాళ్ల చేతిలో పడతాడు. కన్నడం, ఇంగ్లీషు, హిందీతో పాటు తెలుగు, తమిళం, మలయాళం కూడా రాయించండి. గల్ఫ్ నుంచి దిగేవాళ్లలో ఇంగ్లీషు చదవలేని వాళ్లు చాలామంది ఉంటారు.

బస్సు ఎక్కారనే అనుకుందాం. హెబ్బాళ దాటి, నాగవార, కల్యాణ్ నగర్, టిన్ ఫ్యాక్టరీ మీదుగా మారతహళ్లి బ్రిడ్జి దగ్గర దిగేసరికి రెండున్నర, మూడు. అసలు కథ అప్పుడు మొదలవుతుంది. ఔటర్ రింగ్ రోడ్డు పొడుగునా మెట్రో పనులు. ఫుట్‌పాత్ ఉన్నచోట ఉంది, లేనిచోట రేకులు అడ్డం. లారీలకు పగలు ఆంక్షలు కాబట్టి రాత్రంతా అవి ఆగకుండా పోతుంటాయి. దిగిన పిల్ల చేతిలో ట్రాలీ పెట్టె, వీపున లాప్‌టాప్ సంచి. ఆ పెట్టె చక్రాల చప్పుడు వింటే చాలు, వీధిలో కుక్కలన్నీ లేస్తాయి. ఈ కుక్కల బాధ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు చిన్నగా కనిపిస్తుంది. మా పిల్లలను అడగండి, దొంగలకంటే కుక్కలకే ఎక్కువ భయపడతామంటారు. పెట్టె చేత్తో ఎత్తుకుని నడిచే పిల్లలను చూశాను, చక్రాలున్న పెట్టెను.

బ్రిడ్జి నుంచి మా గేటుకు రెండు కిలోమీటర్ల లోపే. 2025 ఆగస్టు నుంచి ఆటో మీటరు మొదటి రెండు కిలోమీటర్లకు 36 రూపాయలు. రాత్రి 10 నుంచి ఉదయం 5 దాకా దానికి సగం అదనం. అంటే 54 రూపాయలు. పెట్టె బరువుకు ఇంకో పది వేసుకున్నా 64. ఆ వేళకు బ్రిడ్జి కింద ఒకటి రెండు ఆటోలు ఉంటే ఉంటాయి, అడిగేది రెండొందల నుంచి మొదలు. నేను ఆటోవాళ్లను తిట్టడం లేదు, నిద్ర మానుకుని కూర్చున్న మనిషి అడుగుతాడు. కానీ రెండొందలూ ఇస్తామన్నా, ఆ ఆటో ఎవరిదో, ఎటు తీసుకుపోతాడో అన్న భయానికి పిల్లలు ఎక్కరు. బస్సు చార్జీ కంటే ఈ రెండు కిలోమీటర్లే వాళ్లను బస్సు మాన్పిస్తున్నాయి. బస్సును నింపాలంటే బస్టాపు నుంచి మొదలుపెట్టాలని నేననేది ఇందుకే.

కాబట్టి ఎయిర్‌పోర్టు బస్సులు పోయే దారుల్లో రాత్రికి కొన్ని స్టాపులను ఎంచుకోండి. అన్నీ వద్దు. హెబ్బాళ, టిన్ ఫ్యాక్టరీ, మారతహళ్లి, సిల్క్ బోర్డు, మెజెస్టిక్, ఎలక్ట్రానిక్ సిటీ చాలు, మొదట. అక్కడ పెద్ద లైటు, కూర్చోవడానికి బెంచీ, తలుపుకు గడియ ఉన్న మరుగుదొడ్డి, ఒక హోంగార్డు, ఒక ప్రీపెయిడ్ ఆటో బల్ల. రైల్వే స్టేషన్ దగ్గర ట్రాఫిక్ పోలీసుల ప్రీపెయిడ్ ఆటో పద్ధతి ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఆటో నంబరు రాసుకుని చీటీ ఇస్తారు, ఆ చీటీ ఉంటే పిల్ల ధైర్యంగా ఎక్కుతుంది, ఆటోవాడికీ బేరం తప్పుతుంది. మీటరు మీద ఇంకో ముప్పై అదనంగా కట్టించుకోండి, ఎవరూ కాదనరు. బస్సు కండక్టరు టికెట్ కొట్టేటప్పుడే "దిగాక ఆటో కావాలా?" అని అడిగి ముందు స్టాపుకు ఫోను చేస్తే ఇంకా మేలు. ఇదేమీ రాకెట్ సైన్సు కాదు, ఇస్రో కూడా ఈ ఊళ్లోనే ఉన్నా.

స్టాపుల మధ్య దించమంటే దించాలన్నది ఇంకో మాట. హైదరాబాద్‌లో ఆర్టీసీ వాళ్లు రాత్రి ఏడున్నర దాటాక ఆడవాళ్లు అడిగిన చోట ఆపాలని డ్రైవర్లకు చెప్పారు. వాయు వజ్రకు కూడా ఆ ఒక్క ఆదేశం ఇవ్వండి, దానికి పైసా ఖర్చు లేదు. మా వీధి మలుపు దగ్గర ఆపితే అర కిలోమీటరు నడక తప్పుతుంది. తెల్లవారుజామున మూడింటికి ఆ అర కిలోమీటరు చిన్నది కాదు.

క్యాబ్ ఉంది కదా అంటారు. ఉంది. 2024 జనవరిలో రవాణా శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం పది లక్షల లోపు కారుకు మొదటి 4 కిలోమీటర్లకు 100 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 24. అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా పది శాతం ఎక్కువ. మారతహళ్లి నలభై కిలోమీటర్లు అనుకుంటే 964, రాత్రి అదనంతో 1,060. ఎలక్ట్రానిక్ సిటీ యాభై అయిదు అనుకుంటే, అదే రాత్రి అదనంతో 1,456. పన్నూ, సాదహళ్లి టోలూ దీనికి వేరే. యాప్‌లో అర్ధరాత్రి చూపించే అంకెకూ ఈ అంకెకూ ఎంత తేడా ఉందో శాఖ వాళ్లే ఒక రాత్రి టెర్మినల్ బయట నిలబడి ఫోను తెరిచి చూస్తే తెలుస్తుంది. ఉత్తర్వు రాసినవాళ్లు ఆ మాత్రం శ్రమ పడాలి.

అంకెకు ఒప్పుకున్నా కారు వస్తుందా? మా పీజీ పిల్ల ఒకామె ఒక యాప్‌లో బుక్ చేసుకుంది. డ్రైవరు ఫోను చేసి "ఎక్కడికి, క్యాషా ఆన్‌లైనా" అని అడిగాడు. ఆన్‌లైన్ అనగానే రద్దు. తర్వాతివాడూ అంతే. మూడోవాడు రద్దు చెయ్యలేదు, మీరే చెయ్యండి అని ఫోను పెట్టేసి ఊరుకున్నాడు. తెల్లవారాక బస్సులో వచ్చి, స్నానం చేసి, అటే ఆఫీసుకు పోయింది.

తర్వాత ఒక డ్రైవరుతోనే ఈ మాట తెగేదాకా మాట్లాడాను. బాగేపల్లి వాడు, చక్కటి తెలుగు. ఎయిర్‌పోర్టు క్యాబ్‌ల్లో బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు మనుషులు చాలామంది ఉంటారు, ముందు కన్నడంలో మొదలుపెట్టి హెబ్బాళ వచ్చేలోగా తెలుగులోకి దిగుతారు. ఆయన చెప్పిందేమంటే, పార్కింగులో వరుసలో గంటల తరబడి కూర్చుంటే ఒక సవారీ తగులుతుంది. అది ఎలక్ట్రానిక్ సిటీకి అయితే తిరిగి యాభై అయిదు కిలోమీటర్లు ఖాళీ బండి, ఆ వేళ అటు నుంచి ఎవరూ దొరకరు. యలహంకకు అయితే అంతసేపు వరుసలో ఉండి నాలుగొందలు. "అక్కా, కంపెనీ కమీషను పోను నాకేం మిగలాల, నిద్రెట్ల పోవాల?" అన్నాడు. 2025 జూలైలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో, సరైన కారణం లేకుండా రద్దు చేస్తే చార్జీలో పది శాతం, వంద రూపాయలకు మించకుండా జరిమానా అని ఉంది. వంద పోగొట్టుకుని యాభై అయిదు కిలోమీటర్ల ఖాళీ తిరుగుడు తప్పించుకోవడం ఆయనకు లాభమే. జరిమానాతో ఈ ముడి విడదు. తిరుగు ఖాళీకి వాటా కలిపి రాత్రి చార్జీ ఒకటి నిజాయితీగా కట్టండి, పది శాతం చాలకపోతే ఇరవై చెయ్యండి, ఆ తర్వాత రద్దు చేసినవాడిని గట్టిగా పట్టుకోండి. రాసిందొకటి, వసూలు చేసేది ఒకటి కంటే అదే నయం.

2019లో పర్యాటక సంస్థ ఎయిర్‌పోర్టులో ఆడవాళ్లే నడిపే గులాబీ ట్యాక్సీలు మొదలుపెట్టినప్పుడు మా పిల్లలు సంబరపడ్డారు. మంచి ఆలోచన. వేళ్ల మీద లెక్కపెట్టే కార్లు ఇంత ఊరికి ఏ మూలకు?

ఇక కువైట్ వాళ్ల సంగతి. ఇది మీ ఫైళ్లలో ఎక్కడా కనిపించదని నా అనుమానం. మా చిన్నమ్మ కూతురు అక్కడ ఇళ్లల్లో పని చేస్తుంది. రెండు మూడేళ్లకు ఒకసారి వస్తుంది. దిగేసరికి ఇక్కడి సిమ్ చచ్చిపోయి ఉంటుంది, రీఛార్జి చేసేవాళ్లు ఎవరు? సిమ్ లేకపోతే ఓటీపీ రాదు. ఓటీపీ రాకపోతే వైఫై లేదు, యాప్ లేదు, ఫోన్‌పే లేదు. చేతిలో దినార్లు, అవి మార్చుకుంటే రూపాయలు. ఈ ఊళ్లో అర్ధరాత్రి నోట్లు పట్టుకున్న మనిషిని పలకరించేది ఇద్దరే: బస్సు కండక్టరు, దొంగ ట్యాక్సీవాడు. రెండోవాడు ముందు పలకరిస్తాడు, పైగా తెలుగులో పలకరిస్తాడు. "ఏ ఊరమ్మా, రాయచోటా? మనోళ్లే" అని పెట్టె లాక్కుంటాడు. కారెక్కాక హైవే మీద ఆపి రేటు మారుస్తాడు. పోలీసులు అప్పుడప్పుడు పట్టుకుంటున్నారు, కాదనను. పట్టుకోవడం సగం పని. ఆ మనిషికి ముందే కనిపించేలా, నోటు తీసుకునే, తెలుగు వచ్చిన ఒక కౌంటరు తలుపు లోపలే ఉండాలి. బస్సు, ప్రీపెయిడ్ ట్యాక్సీ రెండూ అక్కడే చెప్పాలి. ఇంటికి ఒక ఫోను చేసుకోనిచ్చినా చాలు, సగం మోసాలు ఆగిపోతాయి.

ఇదే వరుసలో ఇంకో వింత. విమానాశ్రయం ఉన్నది 44వ నంబరు జాతీయ రహదారి పక్కన. చిక్కబళ్లాపురం, బాగేపల్లి మీదుగా అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ పోయే దారి అదే. టెర్మినల్ నుంచి ఆ రోడ్డుకు కొద్ది కిలోమీటర్లు. అనంతపురం పోవాల్సిన మనిషి ఏం చేస్తున్నాడో తెలుసా? తెల్లవారుజామున మూడింటికి బస్సెక్కి దక్షిణానికి 35 కిలోమీటర్లు మెజెస్టిక్ పోతాడు. అక్కడ ఊరి బస్సు ఎక్కుతాడు. అది ఉత్తరానికి అదే 35 కిలోమీటర్లు వచ్చి, ఇందాక తాను దిగిన విమానాశ్రయం పక్క నుంచే పోతుంది. మెజెస్టిక్‌లో ఎక్కి కిటికీలోంచి ఎయిర్‌పోర్టు లైట్లు రెండోసారి చూసినవాళ్లు మా వైపు కావలసినంత మంది. నేరుగా పోయే బస్సు ఆ వేళకు దొరక్క, హైవే మీద చీకట్లో చెయ్యెత్తి నిలబడే ధైర్యం లేక. అటూ ఇటూ తిరిగే ఒక చిన్న బస్సును టెర్మినల్ నుంచి దేవనహళ్లి బస్టాండుకు రాత్రంతా నడపండి. ఆంధ్రా, కర్ణాటక ఆర్టీసీల వాళ్లు కూర్చుని రాత్రి ఉత్తరానికి పోయే బస్సులన్నీ అక్కడ అయిదు నిమిషాలు ఆగేలా మాట్లాడుకోండి. సిటీలోకి రావాల్సిన పనే లేని మనుషులు సిటీలోకి రాకుండా ఉంటే సిటీకి కూడా మంచిదే.

మెట్రో వస్తోంది, అప్పటిదాకా ఓపిక పట్టమంటారేమో. సిల్క్ బోర్డు నుంచి కేఆర్ పురం, హెబ్బాళ మీదుగా ఎయిర్‌పోర్టుకు 58 కిలోమీటర్ల నీలి లైను. 2021 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, మా ఇంటి ముందు రోడ్డు సాక్షిగా పనులు జరుగుతున్నాయి. రావాలి, వచ్చిన రోజు నేనే అందరికీ మైసూర్‌పాక్ పంచుతాను. కానీ మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో పడుకుంటుంది. పడుకోవాలి కూడా. పట్టాల పక్కన కరెంటు ఆపి రిపేర్లు చేసేది అప్పుడే. కాబట్టి పగటి ప్రయాణికుడి కష్టం తీరుతుంది, మూడింటికి దిగినవాడికి ఆ స్టేషను గేటు మూసే ఉంటుంది. విమానాశ్రయం దగ్గర 2021 జనవరిలో తెరిచిన రైల్వే హాల్ట్ స్టేషను కూడా ఇంతే. పది పదిహేను రూపాయల టికెట్ ఉన్న రైలు అర్ధరాత్రి లేకపోతే ఆ చవక ఎవరికి? రాత్రికి రోడ్డే గతి, ఎన్ని లైన్లు వేసినా.

మీకు కాదు గానీ ఇక్కడే మా పీజీల వాళ్లకూ, అపార్ట్‌మెంట్ల సంఘాల వాళ్లకూ ఒక మాట. మనం గేటు పదకొండుకు వేస్తాం. ఎందుకు వేస్తామో నాకు తెలుసు: పిల్లల తల్లిదండ్రులు అడిగేది అదే, పోలీసులు వచ్చి రిజిస్టరు చూసేదీ దాని కోసమే. అయితే బోర్డింగ్ పాసు ఫోటో ముందే పంపిన పిల్లకు ఏ వేళైనా గేటు తియ్యాలని నేను వాచ్‌మన్‌కు చెప్పి పెట్టాను. పేరు రిజిస్టరులో విమానం నంబరుతో సహా రాసుకుంటాడు. పోలీసులు ఇంతవరకు ఏమీ అనలేదు. మారతహళ్లి, కుందలహళ్లి, బీటీఎం లేఅవుట్, హెచ్‌ఎస్‌ఆర్‌లలో తెలుగువాళ్ల పీజీలు ఎన్ని ఉన్నాయో లెక్కే లేదు. మనం ఈ పని చేస్తే, గేటు తీయరని ఎయిర్‌పోర్టు కుర్చీల్లో తెల్లారేదాకా కూర్చునే పిల్లలు తగ్గుతారు. పోలీసు అధికారులు ఈ పద్ధతికి సరే అని రాతపూర్వకంగా ఒక్క ముక్క ఇస్తే మిగతా పీజీల వాళ్లకు భయం పోతుంది. ఇది మాత్రం మీకే.

డబ్బు ఎక్కడి నుంచి అంటారు, అది న్యాయమైన ప్రశ్న. బీఎంటీసీ నష్టాల గురించి పేపర్లో చదువుతూనే ఉంటాం. ఇక్కడ విమానం ఎక్కే మనిషి టికెట్లో విమానాశ్రయం వాడుక రుసుము ఉంది. పార్కింగు, అంగళ్ల బాడుగలు వేరే. రెండో టెర్మినల్ కట్టారు, వెదురుతో, తోటలతో, చూస్తే కడుపు నిండుతుంది. 108 అడుగుల కెంపేగౌడ విగ్రహం పెట్టారు. ఆ కెంపేగౌడ ఈ ఊరు కట్టినప్పుడు చెరువులు తవ్వించాడు, పేటలు పెట్టాడు, వచ్చినవాడికి నీళ్లూ నీడా చూశాడు. ఆరు స్టాపుల్లో లైట్లూ, మరుగుదొడ్లూ, హోంగార్డులూ ఎయిర్‌పోర్టు వాళ్ల ఖర్చుతో పెట్టమంటే అది మోయలేని బరువని నేను నమ్మను. వాళ్ల ప్రయాణికులే కదా.

ఇవన్నీ ఒకేసారి చెయ్యమనడం లేదు. అక్టోబరు ఆఖరి ఆదివారం చలికాలం పట్టిక మొదలవుతుంది. ఆ లోగా రెండు పనులు చాలు: విమానాలను చూసి కట్టిన రాత్రి బస్సు పట్టిక ఒకటి, మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ప్రీపెయిడ్ ఆటో బల్ల ఒకటి. మూడు నెలలు నడిపి సీట్లు ఎన్ని నిండాయో చూడండి, నిండకపోతే తీసేయండి. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చే పిల్లలు అప్పటికే దాన్ని వాడి చూసి ఉంటారు, వాళ్లనే అడగవచ్చు.

మా వీధుల్లో రాత్రి లైటు వెలగని స్తంభాలు ఏవో, కుక్కలు గుంపు కట్టే మలుపులు ఏవో, బస్సు ఎక్కడ ఆపితే నడక తగ్గుతుందో మా పిల్లలు కూర్చుని ఒక మ్యాపు గీశారు. కన్నడ ప్రతితో పాటు అది కూడా జతచేశాను. మీలో ఎవరు పిలిచినా వచ్చి చూపిస్తాను, శాంతినగర బీఎంటీసీ ఆఫీసైనా సరే, దేవనహళ్లి అయినా సరే. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా మాత్రం రాలేను, పీజీలో టిఫిన్ల వేళ.

ఇట్లు,
మున్నేకొళాల నుంచి ఒక పీజీ యజమానురాలు